అడవిలో వదిలేస్తే ఈ కాలం మనిషి బతుకుతాడా?

విశాఖ తీరానికి ఏటా చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వచ్చి గుడ్లు పెడతాయి. తల్లి తాబేలు రాత్రిపూట ఒడ్డుకు ఎక్కి, ఇసుకలో గొయ్యి తవ్వి, వంద దాకా గుడ్లు పెట్టి, పూడ్చేసి సముద్రంలోకి వెళ్లిపోతుంది. మళ్లీ పిల్లల ముఖం చూడదు. కుక్కల పాలు కాకుండా అటవీశాఖ వాళ్లు ఆ గుడ్లను ఏరి హేచరీల్లో పొదిగిస్తారు. దాదాపు 50 రోజులకు పిల్లలు ఇసుకను తోసుకుని పైకి వస్తాయి. వాటికి దారి చూపేవాళ్లు ఉండరు, నేర్పేవాళ్లు ఉండరు. వెలుతురు ఎక్కువగా కనిపించే సముద్రం వైపు వాటంతట అవే పాకుతూ పోతాయి. ఈత, తిండి వెతుక్కోవడం అన్నీ పుట్టుకతో వచ్చినవే. అయినా వెయ్యి పిల్లల్లో పెద్దయ్యేది ఒక్కటేనని సాధారణంగా చెప్పే అంచనా.

ఈ కాలం మనిషి మిగతా జంతువుల్లా అడవిలో బతకగలడా అని అడిగేటప్పుడు చాలామంది మనసులో ఉండేది ఇలాంటి ప్రాణే. పుట్టగానే తన బతుకు తాను చూసుకునేది. దాంతో పోల్చి చూసుకుని, ఏసీ గదులకీ ఇంటికొచ్చే బిర్యానీ పార్సిళ్లకీ అలవాటు పడి మనం చేతకానివాళ్లమైపోయామని తేల్చేస్తారు. అందులో సగం నిజముంది. చేతకానితనం ఉన్న మాట వాస్తవమే. అయితే దాన్ని ఒంట్లో వెతికితే దొరకదు. ఒళ్లు ఇప్పటికీ చాలావరకు పాతదే. మన చేతిలోంచి జారిపోయింది ఒంటి బయట ఉండేది. తరం నుంచి తరానికి నోటిమాటగా, చేతిపనిగా వచ్చిన తెలివిడి, దాన్ని పంచుకునే పదిమంది మనుషులు. ఆ రెండూ లేకుండా మన జాతి ఏ కాలంలోనూ అడవిలో బతకలేదు.

ఒళ్లు పాతదే

మనలాంటి మనుషులు పుట్టి సుమారు 3 లక్షల ఏళ్లు. మొరాకోలోని జెబెల్ ఇర్హూద్ దగ్గర దొరికిన ఎముకలు దాదాపు ఆ కాలానివి. వ్యవసాయం మొదలై 12 వేల ఏళ్లు. అంటే మన జాతి చరిత్రలో నూటికి 95 పాళ్లకు పైగా వేట మీద, దుంపా కాయా ఏరుకోవడం మీద నడిచింది. మిగిలిన ఈ కాస్త కాలంలో శరీరం సమూలంగా మారిపోదు. బొర్రా గుహల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయం మానవశాస్త్ర పరిశోధకులు రాతి పనిముట్లు బయటపెట్టారు. వాటి వయసు 30 వేల నుంచి 50 వేల ఏళ్లని అంచనా. ఆ రాళ్లు చెక్కిన మనిషికీ, ఇవాళ మధురవాడలో ఐటీ ఉద్యోగం చేసే కుర్రాడికీ ఎముకల అమరికలో, మెదడు పరిమాణంలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. ఒకడి అరికాళ్లు గట్టివి, భుజాలు బలమైనవి. రెండోవాడి అరికాళ్లు మెత్తన. కొన్ని నెలలు చెప్పుల్లేకుండా తిరిగితే అవీ గట్టిపడతాయి.

మనిషి ఒంట్లో ఇంకా చెక్కుచెదరని గొప్ప ఆయుధం చెమట. మన చర్మంలో 20 లక్షల నుంచి 40 లక్షల దాకా చెమట గ్రంథులు ఉంటాయి. ఎండలో శ్రమపడితే గంటకు లీటరుకు మించి చెమట పోయగలం. జింకజాతి జంతువులు ఇంతగా చెమట పోయలేవు, రొప్పుతూ ఒళ్లు చల్లబరుచుకుంటాయి, పరుగెడుతూ ఆ పని సరిగ్గా చేయలేవు. దక్షిణ ఆఫ్రికా ప్రాంతంలోని కలహారి ఎడారి అంచుల్లో శాన్ తెగ వేటగాళ్లు ఈ తేడా మీదే ఆధారపడి, మిట్టమధ్యాహ్నం ఎండలో జంతువును గంటల తరబడి వెంబడించి, అది వేడికి కూలబడ్డాక చంపడం నమోదైంది. నాలుగు కాళ్ల జంతువును రెండు కాళ్ల మనిషి ఓడించే పందెం అది.

ఆ పందెం విశాఖలో నెగ్గడం కష్టం. కలహారి గాలి పొడిగా ఉంటుంది, చెమట ఇట్టే ఆరిపోతుంది. మన తీరంలో మే నెల ఉక్కపోతలో చెమట ఆరదు, కారిపోతుంది. ఒళ్లు చల్లబడకపోగా నీళ్లూ ఉప్పూ పోతాయి. సింహాచలం కొండల్లో, కంబాలకొండలో వేసవికి చాలా గెడ్డలు ఎండిపోతాయి. ఆ ఎండలో నీళ్లు లేకుండా మనిషి నిలిచేది రెండు మూడు రోజులు. ఆకలికి చావడానికి వారాలు పడుతుంది, అందుకే మే నెలలో కొండల్లో చిక్కుకున్నవాడికి తిండి సంగతి తర్వాత, ముందు నీళ్లు. రెండు వేల ఏళ్ల కిందట తొట్లకొండ మీద ఉన్న బౌద్ధ భిక్షువులు వాన నీళ్ల కోసం రాతిలో తొట్లు తొలిపించుకున్నది ఇందుకే. అవి ఇప్పటికీ అక్కడ చూడొచ్చు.

ఒంట్లో నిజంగా మారిపోయింది ఒకటుంది. అది ఫ్రిజ్జులూ గ్యాసు పొయ్యిలూ చేసింది మాత్రం కాదు. దక్షిణాఫ్రికాలోని వండర్‌వెర్క్ గుహలో 10 లక్షల ఏళ్ల నాటి నిప్పు ఆనవాళ్లు దొరికాయి. అంటే మన జాతి పుట్టకముందే మన పూర్వీకుల చేతికి నిప్పు వచ్చింది. ఉడికిన తిండి మెత్తగా ఉంటుంది, త్వరగా అరుగుతుంది, ఎక్కువ శక్తినిస్తుంది. దాని వల్లే దవడలు, పళ్లు చిన్నవయ్యాయని, పేగు కురచ అయిందని చాలామంది శాస్త్రవేత్తలు భావిస్తారు. మన బరువులో మెదడు 2 శాతమే అయినా, తిన్న తిండిలో 20 శాతం శక్తి అదే తినేస్తుంది. ఆ ఖర్చుకు సరిపడా పచ్చి ఆకులూ పచ్చి మాంసం నుంచి రాబట్టుకోవాలంటే రోజంతా నములుతూ కూర్చోవాలి. జర్మనీలో ఏళ్ల తరబడి పచ్చి ఆహారమే తిన్నవాళ్ల మీద 1999లో వెలువడిన అధ్యయనంలో, పిల్లలు కనే వయసు స్త్రీలలో దాదాపు 30 శాతం మందికి నెలసరి గతి తప్పిందనో ఆగిపోయిందనో తేలింది. వాళ్లు తిన్నది సూపర్ మార్కెట్లో ఏరి కొన్న మేలురకం పళ్లూ గింజలూ నూనెలూ. అడవిలో దొరికే పీచు కాయలతో అది ఎంత దూరం వస్తుందో ఊహించుకోవచ్చు. నిప్పు రాజేయడం ఎవరి జన్యువుల్లోనూ రాసి ఉండదు, ఒకరు చూపించాలి. మన పేగు మాత్రం ఆ నిప్పు ఉంటుందన్న నమ్మకం మీదే ఇలా తయారైంది.

నేర్చుకోవాల్సింది మనం ఒక్కరమే కాదు

అసలు తాబేలుతో పోల్చుకోవడమే న్యాయం కాదు. మన దగ్గరి చుట్టాలు తాబేళ్లు కావు, పాలిచ్చే జంతువులు. వాటిలో చాలావాటికి కూడా పాఠాలు కావాలి. పులి పిల్ల దాదాపు రెండేళ్లు తల్లిని అంటిపెట్టుకునే తిరుగుతుంది. ఏనుగు పిల్లకు ఏ నెలలో ఏ నీటి మడుగు దగ్గరికి పోవాలో మందలోని ముసలి ఆడ ఏనుగు వెంట నడిచే తెలియాలి.

విశాఖ జూ కంబాలకొండ అడవిని ఆనుకునే ఉంటుంది. ఒకే జాతి చిరుత గోడకు అటు స్వేచ్ఛగా, ఇటు ఎన్‌క్లోజర్లో బతుకుతోంది. తలుపు తీసి వదిలేస్తే ఇటు చిరుత అటు చిరుతలా బతుకుతుందా? జూలలో పుట్టి పెరిగిన మాంసాహార జంతువులను అడవిలో వదిలిన చోట్ల ఎక్కువ శాతం నిలదొక్కుకోలేదు. దీనికన్నా మనకు దగ్గరగా ఉండే ఉదాహరణ బ్రెజిల్‌ది. గోల్డెన్ లయన్ టామరిన్ అనే చిన్న కోతులు అంతరించే దశకు చేరాయి. 1984 నుంచి జూలలో పుట్టినవాటిని తీసుకెళ్లి అక్కడి అడవిలో వదిలారు. ఊగే కొమ్మల మీద ఎలా నడవాలో వాటికి తెలియలేదు. జూలో వాటికి అలవాటైనవి బిగించిన కర్రలు. తిండి ఎక్కడ దాగి ఉంటుందో తెలియదు, దారి తప్పేవి. చాలావరకు చచ్చిపోయాయి. బతికిన కొద్దివాటికి అడవిలోనే పిల్లలు పుట్టాయి. ఆ పిల్లలు మాత్రం మిగతా అడవి కోతుల్లాగే హాయిగా తిరిగాయి. తల్లిదండ్రులకీ పిల్లలకీ ఒంట్లో తేడా లేదు. పెరిగిన చోటులోనే తేడా.

మన విషయంలో సమాధానం కూడా చాలావరకు ఇదే. మొదటి తరం తల్లడిల్లిపోతుంది. రెండో తరానికి నేర్పేవాళ్లు మిగిలి ఉంటే అది నిలబడుతుంది. చిక్కేమిటంటే, నేర్చుకోవడానికి మనిషికి పట్టినంత కాలం ఏ జంతువుకీ పట్టదు. వేట, సేకరణ మీద బతికే సమాజాల్లో పిల్లలు తాము తినేంత తిండి తాము తెచ్చుకోగలిగే సరికి 18 నుంచి 20 ఏళ్లు వస్తాయి. వేటగాడి నైపుణ్యం పతాక స్థాయికి చేరేది 30 దాటాకే. ఒళ్లు 20 ఏళ్లకే పట్టుకు వస్తుంది, ఆ మిగతా పదేళ్లూ అడుగుజాడ చదవడానికి, గాలివాటం పట్టడానికి పోతాయి. సెలవుల్లో పెట్టే సర్వైవల్ క్యాంపుల్లో వారం రోజులు టెంట్ వేసుకుని అడవి బతుకు తెలిసిందనుకోవడం ఎంత పొరపాటో దీన్నిబట్టి అర్థమవుతుంది.

తెలివి ఎంత ఉన్నా ఆ చోటి తెలివిడి లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఆస్ట్రేలియాలో జరిగిన ఒక విషాదం చాలు. 1860లో బర్క్, విల్స్ అనే ఇద్దరి నాయకత్వంలో ఒక బృందం మెల్‌బోర్న్ నుంచి ఆ ఖండం ఉత్తర తీరానికి బయల్దేరింది. డబ్బుకు కొదవ లేదు, ఒంటెలను కూడా అప్పటి ఇండియా నుంచి తెప్పించుకున్నారు. తిరుగు ప్రయాణంలో సరుకు అయిపోయి కూపర్స్ క్రీక్ అనే వాగు దగ్గర చిక్కుకుపోయారు. అక్కడి యాండ్రువాంధా ఆదివాసులు నార్డూ అనే ఫెర్న్ మొక్క గింజల్లాంటి కాయల పిండి తినడం చూసి, వీళ్లూ ఏరి, దంచి తిన్నారు. కడుపు నిండేది, ఒళ్లు మాత్రం రోజురోజుకీ చిక్కిపోయేది. ఆ పిండిలో బి1 విటమిన్‌ను నాశనం చేసే ఎంజైమ్ ఉంటుంది. ఆదివాసులు దాన్ని వేయించి, నీళ్లతో నూరి, తమ పద్ధతిలో శుద్ధి చేసుకుని తినేవారు. వీళ్లు చూసింది తినడం ఒక్కటే, వండే పద్ధతి చూడలేదు. 1861లో ఇద్దరూ చనిపోయారు. వాళ్లతో ఉన్న కింగ్ అనే మూడో మనిషి ఆ ఆదివాసుల మధ్యకు వెళ్లి, వాళ్లు పెట్టింది తిని, గాలింపు బృందం వచ్చే దాకా ప్రాణాలతో ఉన్నాడు.

దుంప ఒక్కటి తినాలంటే

ఈ తెలివిడి ఎలా ఉంటుందో చూడాలంటే ఆస్ట్రేలియా దాకా పోనక్కర్లేదు. విశాఖ నుంచి పాడేరు, అరకు మన్యం నూరు కిలోమీటర్ల దూరం. కొండదొరలు, భగతలు, కోందులు, గదబలు, పోర్జలు, కొండ దిగువ గూడేల్లో చాలామంది ఇప్పటికీ అడవి దుంపలు తవ్వుకుంటారు. నాగలి దుంప లాంటివి సంతలకూ వస్తాయి. పట్నం కళ్లకు అదొక తవ్వే పని, అంతే. దగ్గర నుంచి చూస్తే దాని లోపల ఎంతో చదువుంది.

దుంప తీగ వానాకాలంలో పచ్చగా చెట్లకు పాకుతుంది. అప్పుడు తవ్వితే దుంప సన్నగా, నీరుగా ఉంటుంది. సంక్రాంతి దాటి ఆకు రాలిపోయాక అది ఊరుతుంది. కానీ అప్పటికి నేలమీద కనిపించేది ఎండిన తీగ పోగు ఒక్కటే. పచ్చగా ఉన్నప్పుడు ఆకును చూసి రకం పోల్చుకోవచ్చు, ఎండాక తీగ ఏ వైపు మెలి తిరిగింది, ముళ్లున్నాయా, కణుపులు ఎలా ఉన్నాయి అన్నదే గుర్తు. దుంప రాళ్ల సందుల్లోకి నిలువుగా దిగుతుంది. గునపంతో పక్క నుంచి గొయ్యి తీసుకుంటూ పోవాలి, లేకపోతే మధ్యలో విరిగి సగం లోపలే ఉండిపోతుంది. తీశాక తీగ మొదలున్న పైముక్క కోసి మళ్లీ ఆ గోతిలోనే పెట్టి మట్టి కప్పేస్తారు, మరుసటి ఏడాది అక్కడే మళ్లీ ఊరుతుంది.

కొన్ని రకాలు కాల్చుకుని తినొచ్చు. ఒక రకం అలా తింటే ప్రాణం తీస్తుంది. దాన్ని పలుచగా తరిగి, ఉడికించి, బుట్టలో పెట్టి పారే గెడ్డలో రోజుల తరబడి ఉంచుతారు. విషం నీళ్లతో పోతుంది, ఆ తర్వాత మళ్లీ వండుకోవాలి. ఎన్ని రోజులు ఉంచాలో పెద్దావిడ ముక్క కొరికి, నాలుక చిమచిమలాడుతోందా లేదా చూసి చెబుతుంది. ఈ పద్ధతి మొదట ఎవరు కనిపెట్టారో ఎవరికీ తెలియదు. ఎన్ని తరాల ప్రయత్నాలు, ఎన్ని ప్రాణాలు దాని వెనక ఉన్నాయో లెక్కకట్టడమూ సాధ్యం కాదు. ఎంత చదువుకున్నవాడైనా ఒక్కడే కూర్చుని ఒక్క జన్మలో దీన్ని తేల్చలేడు. ప్రయోగం తప్పితే ఇంకోసారి ప్రయత్నించడానికి మనిషి ఉండడు.

కరువు వచ్చినప్పుడు జీలుగు చెట్టు బోదెను చీల్చి లోపలి గుజ్జును దంచి పిండి తీయడం, అడ్డాకు తీగ ఎప్పుడు కోయాలో తెలియడం, ఏ పుట్టగొడుగు ఏ పుట్ట దగ్గర మొలిస్తే తినొచ్చో తెలియడం ఇలాంటివే. కొర్రకొత్త, చిక్కుడుకొత్త, మామిడికొత్త అని మన్యంలో కొత్తల పండగలు జరుపుతారు. పూజ అయ్యేదాకా ఆ పంట ముట్టరు. పిందె దశలోనే కాయలు దులిపేయకుండా కాచుకోవడానికి అంతకన్నా బలమైన కట్టుబాటు దొరకదు.

అడవి తెలిసినంత మాత్రాన అడవి ఎప్పుడూ చల్లగా చూస్తుందని కూడా అనుకోకూడదు. 2001లో ఒడిశాలోని కాశీపూర్ ప్రాంతంలో చెడిపోయిన మామిడి టెంకల అంబలి తాగి పలువురు ఆదివాసులు చనిపోయారు. టెంక పిండి వాళ్లకు తరాలుగా తెలిసిన తిండే. వానాకాలపు చెమ్మకు బూజు పట్టినదాన్ని కూడా తినక తప్పని పరిస్థితి వాళ్లను చంపింది.

ఒక్కడి వల్ల కాదు

ఒంటరిగా అడవిలోకి వెళ్లి బతికే మనిషి అన్న ఊహ సినిమాకు బాగుంటుంది. మన్యంలో అలాంటి మనిషి ఏనాడూ లేడు. కొండమీది సంతకు వెళ్లి చూస్తే తెలుస్తుంది. చింతపండు, తేనె, కొండచీపుర్లు, అడ్డాకులు కిందికి దిగుతాయి. ఉప్పు, ఇనుప పనిముట్లు, ఎండుచేపలు పైకి ఎక్కుతాయి. విశాఖ ప్రధాన కేంద్రంగా 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడక ముందు కూడా ఈ రాకపోకలు ఎన్నో తరాలుగా ఉన్నవే. అడవి తిండిలో ఉప్పు దొరకడం కష్టం. గునపం మొన, గొడ్డలి అంచు కొలిమిలోంచి రావాలి. అడవిని బాగా ఎరిగినవాళ్లే అడవి ఒక్కదాని మీద బతకడం లేదంటే, ఏమీ ఎరగనివాళ్లు బతకగలరని ఎలా అనుకోవడం?

అల్లూరి సీతారామరాజు పోరాటమూ ఈ సంగతే చెబుతుంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్ మీద దాడితో మొదలై దాదాపు రెండేళ్లు ఆ దళం మన్యం అడవుల్లో నిలబడింది. మైదానం నుంచి వచ్చిన బ్రిటిష్ బలగాలను ఆ కొండలూ జ్వరాలూ సతాయించాయి. దళానికి అన్నం పెట్టింది, కబురు అందించింది, దారి చూపింది గూడేలు. ప్రభుత్వానికి ఇది అర్థమయ్యే గూడేల మీద ఒత్తిడి పెంచింది. 1924 మే 7న కొయ్యూరులో రాజును కాల్చి చంపే నాటికి ఆ ఆసరా బాగా సన్నగిల్లిపోయింది. విల్లంబులు పట్టిన చేతుల వెనక కుండలో అంబలి కాచిన చేతులున్నంత కాలమే అడవి వాళ్లను కాచింది.

2023లో కొలంబియాలో జరిగిన సంఘటన ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచింది. మే 1న ఒక చిన్న విమానం అమెజాన్ అడవిలో కూలి, అందులోని ముగ్గురు పెద్దవాళ్లూ చనిపోయారు. ఉయిటోటో ఆదివాసీ పిల్లలు నలుగురు మిగిలారు. వాళ్లలో పెద్దమ్మాయికి 13 ఏళ్లు, చివరి బిడ్డకు ఏడాది నిండలేదు. 40 రోజుల తర్వాత నలుగురూ ప్రాణాలతో దొరికారు. అద్భుతం అని అందరూ అన్నారు. ఆ అమ్మాయి చేసిన పనులు చూస్తే ఆమెకు అందిన చదువు కనిపిస్తుంది. విమానంలో ఉన్న కర్రపెండలం పిండిని పొదుపుగా వాడింది, కొమ్మలతో గూడు కట్టింది, అమ్మమ్మ చూపించిన పళ్లూ గింజలే ఏరి తమ్ముడికీ చెల్లెళ్లకీ పెట్టింది. అన్ని తెలిసినా, దొరికేనాటికి నలుగురూ బాగా నీరసించి ఉన్నారు. వెతకడానికి సైనికులతో పాటు ఆదివాసులూ వెళ్లబట్టే దొరికారు.

లెక్క కుదరని చోటు

బతకడం అంటే ఏమిటన్నది ఇక్కడ తేల్చుకోవాలి. జాతి నిలబడటం వేరు, మన ఇంట్లో పుట్టిన బిడ్డ నిలబడటం వేరు. వేట, సేకరణ సమాజాల మీద దొరికిన వివరాలన్నీ కూర్చి చూసిన పరిశోధకులు, పుట్టిన పిల్లల్లో సుమారు 27 శాతం మంది ఏడాది లోపే, దాదాపు సగం మంది యుక్తవయసు రాకముందే పోయేవారని లెక్కగట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నమూనా సర్వే ప్రకారం ఏడాది లోపు శిశుమరణాలు వెయ్యికి 24. అక్కడ 270, ఇక్కడ 24. ఈ తేడాలో టీకా, సబ్బు, కుళాయి నీరు, ప్రసవానికి ఆసుపత్రి అన్నీ ఉన్నాయి. ఆ ప్రమాదపు వయసు దాటినవాళ్లు మాత్రం అక్కడ కూడా 70 దాకా బతికేవారు. అడవిలో అందరూ ముప్పై ఏళ్లకే ముసలివాళ్లయ్యేవారన్న మాట తప్పు. చావంతా బాల్యం మీదే పడేది. జింకలకూ చిరుతలకూ అంతే. మిగతా జంతువుల్లా బతకడం అనే మాటలో ఇది కూడా కలిసే ఉంది. ఏ తల్లీ ఆ బేరానికి ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా.

రక్తపింజర, కట్లపాము లాంటి పాముల కాట్లు ఆసుపత్రులున్న ఈ రోజుల్లోనే దేశంలో ఏటా సగటున 58 వేల మంది ప్రాణాలు తీస్తున్నాయని 2000 నుంచి 2019 వరకు జరిగిన మరణాల మీద చేసిన అధ్యయనం అంచనా వేసింది. మన్యపు మలేరియా సంగతి చెప్పనే అక్కర్లేదు. అక్కడి ఆదివాసుల్లో కొందరికి ఎర్ర రక్తకణాల ఆకారాన్ని మార్చే సికిల్‌సెల్ జన్యువు తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి వచ్చి మలేరియా నుంచి కొంత రక్షణ ఇస్తుంది. ఇద్దరి నుంచీ వచ్చిన బిడ్డను అదే జన్యువు జీవితమంతా బాధిస్తుంది. మైదానం మనిషికి ఆ కాస్త రక్షణా తక్కువే.

ఇక జనం లెక్క. 2022లో జిల్లాల విభజనకు ముందు విశాఖ జిల్లా 11,161 చదరపు కిలోమీటర్లు. 2011 జనగణనలో 42.9 లక్షల మంది. వేట, సేకరణ మీద బతికే సమాజాలకు సాధారణంగా చదరపు కిలోమీటరుకు ఒక్కరు కూడా ఉండరు. ధారాళంగా ఒక్కరని వేసుకున్నా జిల్లా మొత్తం పోషించగలిగేది 11 వేల మందిని. అంటే 380 మందికి పైగా ఉన్న చోట ఒక్కరు. కంబాలకొండ అభయారణ్యం 71 చదరపు కిలోమీటర్లు. ఆ లెక్కన అక్కడ డెబ్బై మందికి చోటుంటుంది, పక్కనున్న మహానగరం అందులోకి దిగితే మొదటి వారంలోనే దుప్పి, అడవిపంది, కుందేలు అన్నీ అయిపోతాయి. ఆ తర్వాత ఎంత నేర్పున్నా ఉపయోగం లేదు. వ్యవసాయం రాకముందు భూమ్మీద ఉన్న జనమంతా కలిపి కోటి దాటి ఉండరన్నది సాధారణ అంచనా.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు నగరానికి ఈ పరాధీనత చిన్న మోతాదులో అనుభవమైంది. కరెంటు పోయింది, కరెంటు లేక నీళ్ల పంపులు ఆగిపోయాయి, ఫోన్లు మూగబోయాయి. పాలకీ నీళ్లకీ పెట్రోలుకీ బారులు తీరారు. వేరే జిల్లాల నుంచి ట్యాంకర్లు, కరెంటు సిబ్బంది వచ్చి చేయి వేయబట్టే ఊరు తేరుకుంది. ఆ బయటి చేయి లేని రోజును ఊహించడం కష్టం.

అలాంటి రోజే వస్తే విశాఖలో నిలబడే అవకాశం ఎక్కువ ఉన్నది జాలారిపేట లాంటి పల్లెలకు. అడవి కన్నా తీరం ధారాళం. ప్రపంచంలో వ్యవసాయం లేకుండా జనం ఒత్తుగా బతికిన చోట్లు ఎక్కువగా సముద్రం, నదుల ఒడ్డులే. ఏ గాలికి ఏ చేప వస్తుందో, నీటి రంగు మారితే దేనికి గుర్తో, అల ఎప్పుడు దాటాలో అక్కడి పెద్దలకు ఇప్పటికీ తెలుసు. వలలు నైలానువి, ఇంజన్లు డీజిల్‌వి అయ్యాయి గానీ, తెప్ప నడపడం మరిచిపోని చేతులు ఇంకా ఉన్నాయి. 2004 సునామీలో అండమాన్‌లోని ఓంగీలు, జారవాలు అనే ఆదివాసులు ప్రాణాలు దక్కించుకున్నారు. ఓంగీలు సముద్రం తీరు మారడం చూసి ఎత్తు ప్రాంతానికి వెళ్లిపోయారు. పుస్తకం లేని చోట కూడా ఆ పాఠం అందింది.

మన్యంలో ఆ అందడమే ఇప్పుడు ఆగుతోంది. ఆరేళ్ల నుంచి పదహారేళ్ల దాకా, అంటే తీగను చూసి దుంప పోల్చుకోవడం నేర్చుకునే వయసంతా, గిరిజన పిల్లల్లో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో ఉంటారు. ఉండాలి కూడా. ఆ చదువు, రేషన్ బియ్యం, కాఫీ తోటల ఆదాయం వాళ్ల ఇళ్లలో ఆకలిని తగ్గించాయి. ఎవరో పట్నంవాళ్లకు పనికొస్తుందని వాళ్లను అడవికి కట్టేసి ఉంచమనడం అన్యాయం. కానీ పిల్లలు ఇంటికొచ్చేది సంక్రాంతికీ వేసవికీ. దుంపల కాలం సరిగ్గా ఆ రెండు సెలవుల మధ్యలో పడుతుంది. మాఘ ఫాల్గుణ మాసాల్లో ఒక వారం పిల్లలను గూడేలకు పంపి, తవ్వడం, కడగడం, వండడం చూపించిన పెద్దావిడకు టీచరుకు ఇచ్చినట్టే గౌరవ వేతనం ఇస్తే పెద్ద ఖర్చు కాదు. ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) స్థాయిలో ఒక ఉత్తర్వుతో అయ్యే పని.